ఆమె ఫోన్‌లో నా కూరలు

సాయంత్రం ఆరు దాటితే చాలు, నా భార్య ఫోన్ మోగడం మొదలయ్యేది. అది ఆరుగురు ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపు. అందులో నడిచే సంగతి ఒక్కటే, రాత్రికి ఎవరింట్లో ఏం వండుతున్నారని. ఆ ఆరుగురూ శ్రీరాంపూర్ కంపెనీ క్వార్టర్లలో ఒకే లైనులో ఇరవై ఏళ్ళకు పైగా ఉన్నవాళ్ళు. అప్పట్లో గోడ మీదుగా తల పెట్టి "ఏం కూర అక్కా?" అని అడుక్కునేవాళ్ళు. మొగుళ్ళు ఒక్కొక్కరే రిటైరై క్వార్టర్లు ఖాళీ చేస్తుంటే ఒకామె చెన్నూరు వెళ్ళింది, ఒకామె కరీంనగర్‌లో ఇల్లు కట్టుకుంది, ఇంకొకామె ఆదిలాబాద్ దాటి మహారాష్ట్ర సరిహద్దులో ఉన్న సొంతూరికి పోయింది. ఇద్దరు ఇంకా ఆ లైనులోనే ఉన్నారు. మేము శ్రీరాంపూర్‌కు కొంచెం ఎడంగా కట్టుకున్న ఇంట్లోకి మారాం. గోడలు లేవు కాబట్టి ఫోన్‌లో అడుక్కోవడం మొదలుపెట్టారు.

నాకు ఆ గ్రూపంటే చిరాకు. వండుకున్నామా తిన్నామా అని ఉండక, పొయ్యి మీద గిన్నెకు ఫొటో తీసి ఊరూరికీ పంపడమేమిటని నా గోల. "ఊకో, నీకేం ఎరుక? నువ్వు తినుడే గని వండుడు ఎరుకనా?" అనేది నా భార్య. ఆ మాట నిజమే. నా చేతితో చాయ్ తప్ప ఏదీ పెట్టుకోలేదు.

కాని ఆ ఆరుగురి వంటల రుచీ నాకు తెలుసు. మా వైపు బొగ్గుగనిని బాయి అంటాం; ఆ ఆరుగురి మొగుళ్ళమూ ఒకే బాయిలో పనిచేశాం. బాయి లోపల సద్ది డబ్బాలు విప్పే వేళకు ఎవడి డబ్బా వాడు తినడం మాకు అలవాటు లేదు. ఆరు డబ్బాలూ నడుమ పెట్టుకుని, టోపీ లైటు వెలుగులో ఎవరికి ఏది కావాలంటే అది తీసుకునేవాళ్ళం. అందుకని చెన్నూరామె చేపల పులుసు, ఆదిలాబాదామె శనగపిండితో చేసే పిట్ల, చీకట్లో పెట్టినా గుర్తుపడతాను. వాటిని ఎలా వండుతారో మాత్రం ఒక్కనాడూ చూడలేదు. చూడాలని అనుకోలేదు కూడా.

గ్రూపులో నా భార్యది హైకోర్టు మాట. వాళ్ళెవరూ రాయరు, గొంతు రికార్డు చేసి పంపుతారు. ఎవరైనా ఫొటో పెడితే ఈమె తీర్పు వెంటనే వెళ్ళేది. "పోపు మాడ్చినవ్ చెల్లె." "గంత నూనె ఎందుకే, ఈత గొట్టనీకా?" అవతలివాళ్ళు నవ్వి, మర్నాడు మళ్ళీ ఫొటో పెట్టేవాళ్ళు.

నేను రిటైరైన ఏడాదికి, ఒక పొద్దున మొహం కడుక్కుంటుంటే ఆమె చేతిలో చెంబు జారిపడింది. తీసుకోబోతే కుడిచెయ్యి లేవలేదు. నన్ను పిలవబోతే మాట రాలేదు. మూతి ఎడమకు గుంజుకుపోయి ఉంది. మంచిర్యాల ఆస్పత్రిలో పది రోజులున్నాం. కాలు కొంత నయమై పట్టుకుంటే నడవగలిగింది. చెయ్యి భుజం దాకా లేవలేదు. మాట వచ్చింది కాని నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడినట్టు వచ్చింది. "ఎంత మాట్లాడితే అంత తిరిగొస్తుంది. ఈ మొదటి నెలల్లో నోరు మూసుకుని కూర్చుంటే తర్వాత కష్టం" అని డాక్టరు నాకు విడిగా చెప్పాడు.

ఆమె నోరు మూసుకునే కూర్చుంది. ఆస్పత్రి నుంచి వచ్చేటప్పుడు ఆటోలో నాతో అన్న మాట ఒక్కటే.

"ఎవలకు చెప్పకు."

నేను వాదించాను. "చెప్పకపోతె ఎట్లనే? వాళ్ళు నీకు తోడబుట్టినోళ్ళ లెక్క గదా." ఆమె ఏడ్చింది. ఏడుస్తుంటే నోటి పక్కనుంచి చొంగ కారింది, దాన్ని తుడుచుకోబోయి చెయ్యి లేవక ఇంకా ఏడ్చింది. నేను తుడిచి, చెప్పనని ఒట్టు పెట్టాను. ఆమె బాధేమిటో నాకు తెలుసు. మా లైనులో ఎవరు మంచం పట్టినా ఆడవాళ్ళంతా బ్రెడ్డు ప్యాకెట్లు, పండ్లు పట్టుకుని వెళ్ళి మంచం చుట్టూ నిలబడి "అయ్యో, ఎట్లుండె మనిషి, ఎట్లైపాయె" అంటారు. ఈమె కూడా వెళ్ళి అన్నదే. ఇప్పుడు ఆ మంచం మీద తానుండి ఆ మాట వినడం ఆమెకు చావుతో సమానం.

ఇంటికి వచ్చాక కొన్నాళ్ళు మా బిడ్డ ఉండి వండిపెట్టింది. పిల్లల పరీక్షలున్నాయని హుజూరాబాద్ వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం ఫోన్ మోగింది. క్వార్టర్ల లైనులో ఉండే చిన్నామె గొంతు. ఆరుగురిలో అందరికంటే చిన్నది కనుక అలా అంటాం. "అక్కా, గిన్ని రోజులాయె, సప్పుడే లేదు. ఏం కూర ఇయ్యాల?"

నేను ఒక్కో అక్షరం వెతుక్కుని "గొంతు బాగలేదు, మాట వస్తలేదు" అని రాసి పంపాను. అందులో అబద్ధమేమీ లేదు. నా భార్య చూసి తల ఊపింది. తర్వాత ఎడమచేత్తో ఫోన్ వైపు, వంటింటి వైపు చూపించింది. ఫొటో పంపమంటోంది. ఫొటో రాకపోతే వాళ్ళు అనుమానపడతారు, అనుమానపడితే లైనులో ఉన్న ఇద్దరూ ఆటో ఎక్కి వచ్చేస్తారు. ఫొటో పంపాలంటే గిన్నెలో ఏదో ఒకటి ఉండాలి. అలా నేను అరవయ్యో పడిలో పడి వంటింట్లోకి వెళ్ళాను.

పచ్చిపులుసు సులువనుకున్నాను. పుట్టినప్పటినుంచీ తింటున్నాను కదా. చింతపండు నానబెట్టి పిసికాను, ఉల్లిగడ్డలు కోశాను, మిరపకాయలు కాల్చి నలిపాను. అంతవరకూ బాగానే ఉంది. తర్వాత, పులుసన్నాక మరగాలి కదా అని గిన్నెను పొయ్యి మీద పెట్టాను. బాగా మరిగి నురగ లేచాక, ఫొటో బాగా రావాలని లైటు వేసి మరీ తీసి పంపాను. పళ్ళెంలో వడ్డిస్తే నా భార్య దాన్ని చూసి కళ్ళు మూసుకుంది. రెండు ముద్దలు తిని పళ్ళెం జరిపింది. జబ్బు మనిషికి ఆకలి ఉండదులే అనుకున్నాను.

గ్రూపులో చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత చెన్నూరామె గొంతు వచ్చింది. "మా ఇంట్ల సుత పచ్చిపులుసే అక్కా. పొయ్యి మీద పెట్టే పని లేకపాయె, అల్కగైంది. నిమ్మకాయంత చింతపండుకు రెండు గిలాసల నీళ్ళు వోసిన. ఉల్లిగడ్డ చేత్తోని పిసికిన. మీదికెళ్ళి పోపు వెట్టిన, గంతే."

అప్పుడు నాకు చేసిన తప్పు తెలిసింది. చెవులు వేడెక్కాయి. ఫొటోలో నురగ వాళ్ళకు కనపడలేదులే, కనపడితే ఈపాటికి నవ్వి చచ్చేవాళ్ళు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మర్నాటి నుంచి నాకు ఆ ఆడవాళ్ళ మీద ఇంకో రకం చిరాకు మొదలైంది. ఆదిలాబాదామె, అక్కను మరాఠీ తీరులో 'బాయి' అంటూ, పిట్ల గురించి చెబుతోంది. "శనగపిండి పిడికెడు దీస్కొని ముందుగాల సల్లటి నీళ్ళల్ల కలుపాలె బాయి, గడ్డలు గాకుంట. ఎసరు మసిలినంక సన్నటి మంట మీద జర జర పోస్కుంట తిప్పుడే." చెన్నూరామె చేపల గురించి చెబుతోంది. "ముక్కలు ఏసినంక గంటె పెట్టద్దక్కా, ఇరుగుతయి. బట్టతోని గిన్నె అంచు పట్టి అటిటు ఊపాలె." కరీంనగరామె అన్నానికి ఎసరు ఎంత పెట్టిందో వేలి గణుపుతో కొలిచి చెబుతోంది. ముప్ఫై ఏళ్ళుగా వండుతున్న మనుషులు ఒకరికొకరు ఎసరు చెప్పుకోవడమేమిటి? గోదావరి ఒడ్డున పుట్టినామెకు చేపను గంటెతో తిప్పకూడదని ఇప్పుడే తెలిసిందా? "మీ దోస్తులకు అరవై దగ్గర వడంగ తెలివి తప్పుతున్నది" అని నా భార్యతో అన్నాను. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది.

చిరాకు చిరాకే, కాని వాళ్ళు చెప్పింది మాత్రం నేను వదల్లేదు. ఫోన్‌ను ఉప్పు డబ్బాకు ఆనించి, ఒక్కో మాటా నాలుగైదుసార్లు విని, అలాగే చేశాను. పిట్ల మొదటిసారికే గడ్డలు లేకుండా కుదిరింది. పుంటికూర అనే గోంగూరతో పప్పు, సోరకాయ, టమాట చారు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఫొటోలు పంపాను. "మంచిగున్నదక్కా" అని వాళ్ళు బొమ్మలు పెట్టారు. వాళ్ళకు తెలియకుండా వాళ్ళ విద్యంతా లాగేస్తున్నానని నాకు లోపల గర్వంగా కూడా ఉండేది. ఆ గర్వాన్ని ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

కూర కుదిరింది కాని ఇంట్లో మాట మాత్రం లేదు. ఉప్పు సరిపోయిందా అంటే తల ఊపుతుంది. నీళ్ళు కావాలా అంటే వేలు చూపిస్తుంది. కసరత్తు చేయించే అమ్మాయి వారానికి రెండుసార్లు వచ్చి "ఆ అనండి, ఊ అనండి, పిల్లల పేర్లు చెప్పండి" అని బతిమాలుతుంది. ఆ పిల్ల వెళ్ళేదాకా నోరు బిగించి, వెళ్ళాక ఊపిరి వదిలేది. అద్దాన్ని గోడవైపు తిప్పించింది. ఒక రోజు నాకు ఓపిక పోయింది. "డాక్టర్ చెప్పింది ఇన్లేదా? నోరు దెరువకుంట ఉంటె గట్లనే ఉంటది మూతి. నేను గోడలతోని మాట్లాడాల్నా?" అని అరిచాను. ఆమె ఎడమచేత్తో దుప్పటి మీదికి లాక్కుంది. నేను వెళ్ళి వాకిట్లో కూర్చున్నాను. బాయిలో పైకప్పు కూలిన రోజు కూడా నాకు అంత భయం వేయలేదు. ఈ మనిషి ఇక నన్ను తిట్టదు, ఇక ఎప్పటికీ ఇలాగే వేళ్ళు చూపిస్తుంది అని భయం. జబ్బు చేసి రెండు నెలలు దగ్గరపడ్డాయి.

ఆ వారంలోనే ఒక సాయంత్రం చిన్నామె సర్వపిండి ఎత్తుకుంది. మా వైపు బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, నువ్వులు, పల్లీలు, ఉల్లాకు, కారం కలిపి, లోతు గిన్నె లోపల చేత్తో అద్ది, బొక్కలు పెట్టి నూనె పోసి కాలుస్తాం. అది నా భార్య పుట్టింటి పనితనం. పెళ్ళై కొత్తగా క్వార్టర్‌కు వచ్చినప్పుడు చిన్నామెకు గ్యాస్ వెలిగించడం కూడా రాదు. ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, వేళ్ళు పట్టుకుని, గిన్నెకు పిండి అద్దడం నేర్పింది నా భార్యే. నా కళ్ళ ముందు జరిగిన ముచ్చట అది.

నేను మంచం పక్కన కుర్చీలో కూర్చుని ఫోన్ చెవికి కాకుండా బయటికి వినపడేట్టు పెట్టాను. "అక్కా, ఇయ్యాల సర్వపిండి. బియ్యప్పిండి రెండు గిలాసలు, గండ్ల ఒక గిలాస మైదా కలిపిన. మైదా ఏస్తె మెత్తగ వస్తది. జరంత సోడా గూడ ఏసిన."

చాలా సులువుగా ఉందనుకుని లేచాను. మైదా ఏ డబ్బాలో ఉందో నాకు తెలుసు. రెండడుగులు వేశానో లేదో వెనక నుంచి మంచం కోడు దద్దరిల్లేట్టు చప్పుడైంది. నా భార్య ఎడమ అరచేత్తో కొట్టింది. లేచి కూర్చుని ఉంది. కళ్ళు ఎర్రబడ్డాయి.

"మైదానా?" అంది.

ఆ మాట ముద్దగానే వచ్చింది. అయినా వచ్చింది. "ఫోన్ తే" అంది. తెచ్చాను. మైకు గుర్తు మీద ఎడమ బొటనవేలు పెడితే జారిపోతోంది. "ఒత్తు" అంది. నేను ఒత్తి పట్టుకున్నాను.

"మైదా ఏసుడేందే? ఎవలు నేర్పిన్రే నీకు మైదా? నేనే గాదె నేర్పింది? సోడా నట, సోడా! నువ్వు జేసేది సర్వపిండా, డబల్‌రొట్టెనా? పిండిల ఉడుకు నీళ్ళు వొయ్యి. పల్లీలు దంచి ఎయ్యి. పలుసగ అద్దు, నీ ఏలు కింద గిన్నె తగిలేటట్టు. మొదటిది దీసినంక గిన్నె బోర్లించి నీళ్ళు సల్లు, సల్లారినంకనే రెండోది అద్దాలె. గింత మరుస్తరే మనిషి? సిగ్గు లేదు?"

కొన్ని మాటలు విరిగాయి, కొన్ని ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. 'దంచి' అన్నది సరిగ్గా రాక మూడుసార్లు అంది, వచ్చేదాకా వదల్లేదు. రెండు నెలల్లో ఆమె అన్ని మాటలు మాట్లాడింది అదే మొదటిసారి. వింటూ నేను వేలు తియ్యడం మర్చిపోయాను. ఆమె ఆగాక తీశాను. తీయగానే అది వెళ్ళిపోయింది.

అది వెళ్ళిపోయిందని ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. ఆమె కొంగు లాగి మొహం కప్పుకుంది. ఇంతకాలం కాపాడిన ఒట్టు నా బొటనవేలితోనే పోయింది. తీసేయడం ఎలాగో నాకు రాదు. ఇప్పుడు ఒక్కొక్కరూ "అయ్యో అక్కా, గొంతేంది గట్లైంది" అని ఏడుపు మొదలుపెడతారని ఎదురుచూశాను.

మొదట చిన్నామె గొంతే వచ్చింది. "ఉడుకు నీళ్ళంటె బాగ మసలాల్నా అక్కా, గోరెచ్చగ ఉంటె సాలా?"

అంతే. గొంతు మాటే లేదు. వెంటనే ఆదిలాబాదామె. "మా దిక్కు దంచిన పల్లీలు ఎయ్యరు బాయి, పలుకులే ఎస్తరు. నువ్వు జెప్పిందే కరెక్టని ఎట్ల?" కరీంనగరామె ఆమెతో తగువు పెట్టుకుంది. కొంగు కింద నా భార్య కదిలి, ఒక చెవి బయటపెట్టింది. చివరికి చెన్నూరామె, ఎప్పటిలాగే నిదానంగా అంది.

"గిదంత మాకెందుకు చెప్తవ్ అక్కా, మాకు ఎరుకే. పక్కన నిలవడ్డ బావకు చెప్పు. రెండు నెలల సంది ఎసరు కొలతలు జెప్పి జెప్పి మాకు యాష్టకొచ్చింది."

ఆ తర్వాత ఒక్కొక్కరే గొంతు పంపి అసలు సంగతి చెప్పారు. చిన్నామె మొగుడు మేము ఆస్పత్రిలో ఉన్న మూడోనాడే మమ్మల్ని చూశాడట. ఎవరికీ చెప్పొద్దని ఈమె అన్నదని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. ఆమె సంగతి తెలిసినవాళ్ళు కనుక వాళ్ళే అనుకున్నారు. రావద్దని, అడగవద్దని వాళ్ళలో వాళ్ళు వేరే మాట్లాడుకున్నారు. నా మరిగిన పులుసు ఫొటో చూశాక వండుతున్నదెవరో కూడా తెలిసింది. ఇక ఆ పూటనుంచి, తమ రాత్రి వంట చెబుతున్నట్టు చెబుతూ నాకు వంట నేర్పారు. మాట్లాడని మనిషి నోరు తెరిపించడానికి మైదా వేశామన్నారు. తెలివి తప్పింది వాళ్ళకు కాదు. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ దాచుకోలేదు.

నా భార్య కొంగు తీసింది. తిడుతుందనుకున్నాను.

"అందరికి ఎరుకేనా?" అంది.

"అందరికి ఎరుకే."

ఎడమచేత్తో మూతి తడుముకుంది. తర్వాత ఫోన్ నా ముందుకు తోసి "ఒత్తు" అంది. ఒత్తాను.

"ఐతారం రాండ్రి అందరు" అంది. ఆగి, ఊపిరి తీసుకుని, నోరు తుడుచుకుని మళ్ళీ అంది. "మూతి వంకర వోయింది. జూసి అయ్యో అన్నోళ్ళకు బువ్వ వెట్ట. బువ్వ... ఆయననే వండుతడు."

ఐదుగురూ ఆదివారం వస్తామన్నారు. నేను వంటింట్లోకి వెళ్ళి బియ్యం డబ్బా మూత తీసి నిలబడ్డాను. ఇద్దరికి వండడం వచ్చింది కాని ఏడుగురికి నాకు చేతకాదు. ఐతారానికి బియ్యం సరిపోతాయో లేదో ఇప్పుడే చూసుకోవాలి. అక్కడినుంచే గట్టిగా అడిగాను.

"ఏడుగురికి ఎన్ని గిలాసలు వొయ్యాలె?"

"నాలుగు" అని మంచం మీదినుంచి వినపడింది. ఈసారి ఇంకా గట్టిగా అంది. "కాదు, ఐదు వొయ్యి. ఆ చెన్నూరామె రెండోసారి వెట్టుకుంటది."